విద్యార్థికి విస్తరి
విజయనగర, శ్రీకాకుళ ప్రాంతముల వసతివిద్యను గూర్చిన చరిత్ర

విద్యాదానము గొప్పదని మన పెద్దలు చెప్పుదురు. అన్నదానము గొప్పదనియు చెప్పుదురు. పల్లెలో పుట్టిన బాలునకు ఈ రెండును వేఱువేఱు దానములు గావు. రెండవది లేనిచో మొదటిది వానికి చేరనే చేరదు. మన మహాసభ జరిగినప్పుడెల్ల విద్యాభివృద్ధిని గూర్చి తీర్మానములు గావించుచున్నాము. బడులెన్ని, పట్టభద్రులెందఱు అని లెక్కించుచున్నాము. బడికి వచ్చిన బాలుడు రాత్రి యెచట పరుండెను, ఎవరియింట భుజించెను అని యడుగువారు తక్కువ. ఆ ప్రశ్న నడిగి చూచినచో మన ప్రాంతపు విద్యాచరిత్రము మఱియొక విధముగా కానవచ్చును. దానిని యథాశక్తిగా సభ్యమహాశయులకు విన్నవింతును.

విజయనగర సంస్థానాధీశ్వరులైన విజయరామ గజపతి మహారాజావారు 1857వ సంవత్సరమున పట్టణమున పాఠశాలను స్థాపించిరి. అది 1879లో కళాశాలగా పెరిగెను. 1860లో సంస్కృతపాఠశాలయు, 1919లో గానపాఠశాలయు వెలసినవి. అప్పటికి మన రెండు జిల్లాలును లేవు. విజయనగరము విశాఖపట్టణ మండలమున నుండెను. శ్రీకాకుళము 1936 వఱకు గంజాము మండలమున నుండెను. శ్రీకాకుళము జిల్లా 1950లోను, విజయనగరము జిల్లా 1979లోను ఏర్పడినవి. ఎల్లలు మాఱినను చదువునకు మాత్రము బొబ్బిలివారును, పాలకొండవారును, చీపురుపల్లివారును విజయనగరమువైపే చూచుచుండిరి. రైలుబండి రాని దినములలో వారికది యెడ్లబండి ప్రయాణము. నిత్యము పోయివచ్చుట కల్ల. కావున బడి తలుపు తెఱచియున్నను, పట్టణమున తలదాచుకొను చోటు దొరకనివానికి అది మూసియున్నట్లే.

ఈ చిక్కునకు పూర్వులు కనుగొన్న యుపాయము వారములు చేసికొనుట. సోమవార మొకరియింట, మంగళవారము వేఱొకరియింట, ఇట్లు ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని బాలుడు చదువుకొనెడివాడు. ఒక యిల్లు తప్పిపోయెనా, ఆ వారమున ఆ దినము పస్తు. ఏడిండ్లు కుదురనివారు మాధుకర మెత్తెడివారు. నేడు వినుట కిది దైన్యముగా తోచవచ్చును. కాని యేడుగురు గృహిణులు ఒక పరాయిబిడ్డను తమ బిడ్డగా నెంచి విస్తరి వేసిన యా యాచారము లేకున్న మన సాహిత్యమునకు, సంగీతమునకు కలిగెడి నష్టము ఇంతింత యనరాదు.

గురజాడ అప్పారావుగారి బాల్యవిద్య చీపురుపల్లిలో సాగెను. తండ్రి గతించిన పిమ్మట ఆయన విజయనగరము చేరెను. కళాశాలాధ్యక్షులైన చంద్రశేఖరశాస్త్రిగారు ఆ బాలుని చేరదీసి యుచితముగా భోజనవసతు లేర్పఱచిరి. అప్పారావుగారు 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్. ఏ. పరీక్షల నుత్తీర్ణులై, పిదప మహారాజావారి విద్యాలయముననే యుపాధ్యాయులైరి. ఒక్క గురువు పెట్టిన యన్నము ఆంధ్రభాషకు కన్యాశుల్క కర్తను ప్రసాదించెను. తరువాతి తరమున ఘంటసాల వేంకటేశ్వరరావుగారు కృష్ణామండలమునుండి సంగీతాభ్యాసమునకై యీ పట్టణమునకు వచ్చి, యింటింట మాధుకర మెత్తి, పట్రాయని సీతారామశాస్త్రిగారి యాదరమున విద్య గడించిరి. ఆ జోలెలో అన్నము వేసిన తల్లులు తామొక మహాగాయకుని పోషించుచున్నామని యెఱుగరు. ఎఱుగక చేసినందుననే వారి దాన మంత గొప్పది.

అయితే చరిత్ర వ్రాయువాడు రెండవ పుటను గూడ త్రిప్పవలయును. వారములును, మాధుకరమును ప్రాయికముగా బ్రాహ్మణ బాలురకు చెల్లిన వసతులు. కాపువాని బిడ్డకు, సాలెవాని బిడ్డకు, జాలరివాని బిడ్డకు ఏడిండ్లు గాదు, ఒక్క యిల్లైనను కుదురుట దుర్లభము. అట్టివారు చుట్టముల పంచను జేరియో, వకీలుగారి యింట నీళ్లు తోడియో, ఊరినుండి తెచ్చుకొన్న బియ్యమును తామే వండుకొనియో చదువవలసివచ్చెను. అంటరానివారని తోలివేయబడినవారి బిడ్డల మాట చెప్పనక్కఱలేదు. వారికి బడి గడపయే దూరము. కెనడా దేశపు బాప్తిస్టు మిషనువారు మన ప్రాంతమున పాఠశాలలు నడపి వసతు లేర్పఱచుట అట్టి బాలబాలికలలో కొందఱికి మొదటి యాశ్రయ మయ్యెను.

ఈ సందర్భమున గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారిని స్మరింపకుండరాదు. ఆయనయు బాల్యమున తండ్రిని గోల్పోయి, విజయనగరమున చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నుపాధ్యాయులైరి. అచట కొండలనుండి దిగివచ్చెడి సవరలను జూచి, వారి భాషను నేర్చి, ఆ భాషలో పుస్తకములు రచించి, సొంతసొమ్ముతో వారికి బడులు పెట్టించిరి. చదివిన చదువును తన యింటికిని తన జాతికిని మాత్రమే పరిమితము చేసికొనని మహాత్ముడని యాయనను మనము కొనియాడవలసియున్నది.

వారములు లభింపని జాతులవారు తమ బిడ్డలకు తామే విస్తరి వేయవలయునని సంకల్పించినప్పుడు కులసంఘ వసతిగృహములు పుట్టినవి. ఇది మన ప్రాంతమునకే ప్రత్యేకము గాదు. కొల్హాపుర ప్రభువైన షాహూ మహారాజుగారు 1901లో మరాఠా విద్యార్థులకు వసతిగృహము నెలకొల్పి, పిమ్మట వేఱువేఱు కులములకును మతములకును అట్టివాని నేర్పఱచిరి. హైదరాబాదున రాజా బహదూర్ వేంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి వసతిగృహమును స్థాపించిరి. గోలకొండ పత్రికా సంపాదకులైన సురవరము ప్రతాపరెడ్డిగారంతటివారు దాని కార్యదర్శిత్వమును వహించిరనిన, పిల్లలకు అన్నము పెట్టించుటను ఆనాటి పెద్దలు ఎంత గౌరవప్రదమైన కార్యముగా నెంచిరో తెలియగలదు. కాకినాడలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి ప్రోత్సాహమున పిఠాపురము మహారాజావారు అనాథశరణాలయమును, హరిజన విద్యార్థులకు వసతిగృహమును నిర్మించిరి.

ఈ రచయితయు అట్టి యొక కులసంఘ వసతిగృహపు టన్నము తిన్నవాడే. 1960వ సంవత్సర ప్రాంతమున విజయనగరమున నైదేండ్లు అందుంటిని. తెల్లవాఱుజామున గంట మ్రోగెడిది. నూతికడ వరుస, పిమ్మట చోడియంబలి, పిమ్మట మూడులాంతర్ల మీదుగా బడికి నడక. సాయంకాల మొక్క దీపముక్రింద పదునార్గురము కూర్చుండి చదివెడివారము. పైతరగతి వాడు క్రిందితరగతి వానికి లెక్కలు చెప్పి తీరవలయునని నియమము. ఆదివారము తలంటు. పైడితల్లి సిరిమాను దినమున మాత్రము గంట లేదు. ఇంటినుండి వచ్చిన కార్డు నొకడు చదువుచుండగా, ఉత్తరము రానివాడు ప్రక్కన కూర్చుండి వినెడివాడు; అది వానికిని ఉత్తరమే.

కోతల కాలమున సంఘపెద్దలు కళ్లములవద్దనే బస్తాలు కట్టించి బండ్లపై పంపెడివారు. ఆ బస్తాలపై పేరులుండెడివి కావు. వానలు లేని యేడు బండ్లు తగ్గెడివి. రాత్రి యన్నమునకు బదులు అంబలియే వచ్చెడిది. అందుచేత మేము పంటను గూర్చి రైతులకంటె నెక్కువగా విచారించెడివారము. పుస్తకమున లేని పాఠమొకటి మాకట్లు పట్టుబడెను: మా చదువు మా ప్రజ్ఞవలన మాత్రమే సాగుటలేదు, ముఖమెఱుగని రైతు చెమటవలన సాగుచున్నది.

ఆ కాలముననే జరిగిన యొక విషయమును గూడ చెప్పవలసియున్నది. జ్యేష్ఠమాసమున నొకనాడు నేతపల్లెనుండి యొక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని, రేకుపెట్టె నెత్తిన బెట్టుకొని, మా వసతిగృహమునకు వచ్చెను. పిల్లవానికి తరగతిలో మొదటి మార్కులు. స్థలమును గలదు. కార్యనిర్వాహకులు మార్కుల కాగితమును చూచి మెచ్చుకొని, కులమడిగి, నియమావళి నొప్పదనిరి. పరుషముగా ననలేదు; మజ్జిగ యిప్పించిరి. తండ్రీకొడుకులు అరుగుమీద కూర్చుండి, మూట విప్పి, తెచ్చుకొన్న చద్ది తిని, పెట్టె నెత్తుకొని వెడలిపోయిరి. ఆ బాలుని చదువు తరువాత నేమయ్యెనో తెలియదు. ఆ యేడు మా గదిలో నొక చాప పఱచువాడు లేక గోడకు చుట్టియే యుండెను.

ఆ నియమము పెట్టినవారిని నిందించుట నా యభిప్రాయము గాదు. చందా లిచ్చినవారు తమ బిడ్డలకై యిచ్చిరి. ఇచ్చిన సొమ్మునకు లెక్క చెప్పవలసినవారు నియమావళిని దాటజాలరైరి. ఆ వసతిగృహమే లేకున్న నావంటివారు నాగలి మేడినుండి చేయి తీసియుండరు. కాని వారముల యేడిండ్లలో తమకు స్థానము లేదని వగచి కట్టుకొన్న యింటికి మనము మరల నట్టి గడపనే కట్టుట యొక విపరీతము. ఒకరు మూసిన తలుపునకు మందు, వేఱొకరికి మఱియొక తలుపును మూయుట గాదుగదా!

తలుపు తెఱచినచో నేమగునో చూపుటకు మన ప్రాంతముననే నిదర్శనము గలదు. రక్షణమంత్రియైన కృష్ణమీననుగారి సంకల్పమున 1961లో దేశమున సైనికపాఠశాల లారంభమైనవి. సేనలో నధికారులగు భాగ్యము కొన్ని ప్రాంతములకును, కొన్ని వర్గములకును మాత్రమే పరిమితము గాకుండుట వాని యుద్దేశములలో నొకటి. 1962వ సంవత్సరము జనవరి 18వ తేదిని విజయనగర సమీపమున కోరుకొండలో నట్టి పాఠశాల వెలసెను. విజయనగర రాజవంశీయులైన పూసపాటి విజయరామ గజపతిరాజుగారు తమ కోరుకొండ ప్రాసాదమును దానికై యిచ్చిరి. 1958లో మాన్సాస్ సంస్థను స్థాపించి, పూర్వులు నెలకొల్పిన విద్యాలయముల నిర్వహణమును దాని కప్పగించినవారును ఆయనయే. ఏలికలు విహరించిన మేడలో పల్లెటూరి బాలురు పెట్టెలు పెట్టుకొనిరి. ప్రవేశమునకు పరీక్ష, పేదబాలురకు ప్రభుత్వపు విద్యార్థివేతనము. ఒకే గంటకు లేచుట, ఒకే యుడుపు తొడుగుట, ఒకే పంక్తిని భుజించుట. రైతు కుమారుడును, గుమాస్తా కుమారుడును ప్రక్కప్రక్కన కూర్చుండి చదివి సైన్యాధికారులైరి. కులమడుగకుండ పెట్టిన యన్నము ఎవరికిని జీర్ణము గాకపోలేదు.

ఆ పాఠశాలయు దాదాపు అఱువదేండ్లు బాలురకే పరిమితమై యుండెను. సైనికపాఠశాలలన్నియు బాలికలను చేర్చుకొనునని 2021 ఆగష్టు 15వ తేదిని దేశప్రధాని ప్రకటించిరి. కోరుకొండయు బాలికలను స్వీకరించెను. ఇట్లే 1971లో నల్లగొండ జిల్లా సర్వేలున మొదటి ప్రభుత్వ గురుకుల పాఠశాల ఏర్పడినది మొదలు గురుకులములు రాష్ట్రమంతట వ్యాపించినవి. సీతంపేట మన్యమున ఆశ్రమపాఠశాలలు, వెన్నెలవలసను, కిల్తంపాలెమున నవోదయ విద్యాలయములు వెలసినవి. గిడుగువారు సొంతసొమ్ముతో నారంభించిన కార్యము నేడు ప్రభుత్వ ధర్మమైనది.

ప్రభుత్వమే యింత చేయుచుండగా కులసంఘ వసతిగృహముతో పనియేమి యని కొంద ఱడుగవచ్చును. పని గలదు. గురుకులమున స్థానము దొరకనివారును, పదవ తరగతి దాటి పట్టణమునకు వచ్చి యద్దెగది కట్టుకొనజాలనివారును నేటికిని గలరు. వారికి మనమే యేడిండ్లు కావలయును. అయితే ఆ యిల్లు నేటి కాలమునకు తగినట్లుండవలయును. కావున మూడు విషయములను మహాసభవారి పరిశీలనకు సవినయముగా సమర్పించుచున్నాను. మన వసతిగృహములలో నాలుగవ వంతు స్థానములు కులము నడుగక పేదవిద్యార్థులకు కేటాయింపవలయును. క్రొత్తగా కట్టబోవు వసతి బాలికలకై యుండవలయును. మగపిల్లవాని కొక నూఱేండ్లుగా విస్తరి వేసితిమి, ఆడపిల్ల యింకను అరుగుమీదనే యున్నది. మూడవది, దాతలు కట్టడములకు మాత్రమే గాక నిత్యభోజన నిధికిని విరాళ మీయవలయును. గోడమీది శిలాఫలకము ఆకలి తీర్పజాలదు.

కళ్లమువద్ద పేరు వ్రాయక బస్తాలు పంపిన మన తాతలు తమ యన్నము నెవరు తినిరో యడుగలేదు. మనమును ఆ మార్గమున నొక యడుగు ముందునకు వేసినచో, నేతపల్లెనుండి రేకుపెట్టెతో వచ్చు బాలుడు మరల దానిని నెత్తి కెత్తుకొన నక్కఱలేదు. మహాసభ జయప్రదమగుగాక! దాతలకు ఆయురారోగ్యైశ్వర్యములు చేకూరుగాక!

స్వస్తి.