జీఎం రావు: రాజాం గోనె సంచుల నుంచి విమానాశ్రయ భూముల దాకా

పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర కాసేపు నిలబడితే తెలుగు మాటలు చెవిన పడతాయి. అదీ ఎక్కువగా ఉత్తరాంధ్ర యాసలో. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లోనే ఉన్నాయి. ఒకప్పుడు రంగూన్‌కు, ఆ తర్వాత అండమాన్‌కు, ఇప్పుడు హైదరాబాద్, చెన్నైలలో భవన నిర్మాణ పనులకు మనుషుల్ని పంపుతున్న నేల అది. జీఎంఆర్ గ్రూపు అధినేత గ్రంధి మల్లికార్జునరావుది కూడా ఆ నేలే. ఆయన సంపద గురించి, దానధర్మాల గురించి విడివిడిగా చాలా రాశారు. రెండూ భూమి దగ్గర కలుస్తాయన్న సంగతి మాత్రం తక్కువగా చర్చకు వస్తుంది.

రావు 1950 జులై 14న రాజాంలో వ్యాపార కుటుంబంలో పుట్టారు. రాజాం అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022 పునర్విభజనతో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు. ఈ ప్రాంతపు రైతులకు గోగునార పాత పంట. ఆ నారతో గోనె సంచులు నేసే జూట్ మిల్లుతోనే 1978లో ఆయన వ్యాపార ప్రస్థానం మొదలైంది. తర్వాత చక్కెర, ఫెర్రో అల్లాయ్స్ లాంటి రంగాల్లోనూ చేతులు పెట్టారు. బెంగళూరు కేంద్రంగా ఉన్న వైశ్యా బ్యాంకులో వాటాదారుగా చేరి, ప్రమోటర్ల స్థాయికి ఎదిగారు. ఆ వాటాను డచ్ సంస్థ ఐఎన్‌జీకి అమ్మేయడంతో, 2002లో బ్యాంకు పేరు ఐఎన్‌జీ వైశ్యాగా మారింది.

బ్యాంకులో వాటా ఉన్న రోజుల్లోనే ఆయన విద్యుత్ రంగంలోకి దిగారు. 1990ల చివర్లో చెన్నై బేసిన్ బ్రిడ్జి దగ్గర 200 మెగావాట్ల కేంద్రం, 2001లో మంగళూరు దగ్గర నీటిపై తేలే బార్జ్ మీద 220 మెగావాట్ల కేంద్రం వచ్చాయి. ప్రభుత్వంతో దీర్ఘకాలిక ఒప్పందం కుదుర్చుకుని, దాన్ని చూపించి అప్పు తెచ్చి నిర్మించడం అనే పద్ధతి అక్కడ అలవాటైంది. విమానాశ్రయాల్లో అదే ఆయన్ను వేరే స్థాయికి తీసుకెళ్లింది.

శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందం 2004 డిసెంబరులో జరిగింది. ప్రభుత్వం దాదాపు 5,500 ఎకరాలను లీజుకిచ్చింది. అప్పట్లో కంపెనీలో జీఎంఆర్‌కు 63 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి చెరో 13 శాతం, మలేసియా ఎయిర్‌పోర్ట్స్‌కు 11 శాతం వాటాలు ఉండేవి. 2008 మార్చిలో విమానాలు ఎగిరాయి. బేగంపేటకు వాణిజ్య సర్వీసులు ఆగిపోయాయి. రన్‌వేలకు, టెర్మినల్‌కు అవసరమైనది పోగా మిగిలిన భూమిలో సుమారు 1,500 ఎకరాల్లో హోటళ్లు, గోదాములు, ఆఫీసులతో 'ఏరోసిటీ'ని సంస్థ అభివృద్ధి చేస్తోంది.

జీఎం రావును రియల్ ఎస్టేట్ డెవలపర్ అనడానికి కొందరు ఒప్పుకోరు. కానీ లెక్క చూడండి. విమానాల ల్యాండింగ్, పార్కింగ్ చార్జీలు, ప్రయాణికుల రుసుములు ఎంతుండాలో నియంత్రణ సంస్థ ఏరా నిర్ణయిస్తుంది. హోటల్ స్థలం అద్దెను ఏరా నిర్ణయించదు. అందుకే విమానాశ్రయం చేతికొచ్చిన వారికి అసలు ఆకర్షణ చాలాసార్లు కంచె లోపల మిగిలే ఖాళీ భూమే.

ఢిల్లీలో ఇదే వివాదమైంది. 2006లో ఆ విమానాశ్రయాన్ని చేజిక్కించుకున్న జీఎంఆర్ కూటమి, ఆదాయంలో 45.99 శాతాన్ని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి ఇస్తామని బిడ్ వేసింది. 2010లో మూడో టెర్మినల్ కట్టింది. 2012లో కాగ్ నివేదిక, వాణిజ్య అవసరాలకు ఇచ్చిన దాదాపు 240 ఎకరాల మీద 58 ఏళ్లలో 1.63 లక్షల కోట్ల రూపాయల ఆదాయం రావచ్చని అంచనా వేసింది. ఎప్పుడో వచ్చే డబ్బును నేటి విలువలోకి మార్చకుండా కూడితే అంకె అలాగే ఉంటుందని విమానయాన శాఖ, కంపెనీ వాదించాయి. ఆ వాదనలో పస ఉంది. అయితే ప్రభుత్వ భూమి విలువ ఎంత, అది ఎవరికి చేరుతోంది అన్న ప్రశ్న అంకె తగ్గినంత మాత్రాన పోదు.

అన్నీ కలిసి రాలేదు కూడా. 2010లో దక్కిన మాలే విమానాశ్రయాన్ని 2012లో మాల్దీవుల ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ 2016లో దాదాపు 27 కోట్ల డాలర్ల పరిహారం ఇప్పించింది. స్వదేశంలో అప్పుల భారం పెరగడంతో ఆస్తులు అమ్మాల్సి వచ్చింది. 2020లో విమానాశ్రయాల వ్యాపారంలో 49 శాతం వాటాను ఫ్రాన్స్‌కు చెందిన ఏడీపీ గ్రూపుకు ఇచ్చారు. రైతుల నిరసనలు ఏళ్లపాటు సాగిన కాకినాడ సెజ్‌లో 51 శాతం వాటాను అరబిందో రియాల్టీకి అమ్మారు.

ఇక దానం సంగతి. జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ 1991లో మొదలైంది, అంటే విమానాశ్రయాలకు చాలా ముందే. రాజాంలో 1997లో ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. ఆసుపత్రి, వృత్తి శిక్షణ కేంద్రం తర్వాత వచ్చాయి. కాలేజీ కోసం విశాఖ దాకా వెళ్లాల్సిన పల్లెలకు ఇది చిన్న మార్పు కాదు. 2011లో వారెన్ బఫెట్ భారత్‌కు వచ్చిన సమయంలో, వ్యాపారంలో తన వ్యక్తిగత వాటాకు సమానంగా సుమారు 1,540 కోట్ల రూపాయలను ఫౌండేషన్‌కు ఇస్తానని రావు ప్రకటించారు. అప్పటికి దేశంలో సీఎస్ఆర్ చట్టం లేదు. లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలన్న నిబంధన 2013 కంపెనీల చట్టంతో వచ్చింది.

రాజాంను మినహాయిస్తే, ఫౌండేషన్ పని ఎక్కువగా కంపెనీ ప్రాజెక్టుల చుట్టుపక్కల గ్రామాల్లోనే సాగుతుంది. శంషాబాద్ అందుకు ఉదాహరణ. ఇందులో దాపరికమేమీ లేదు, ఫౌండేషన్ ప్రకటించిన విధానమే అది. భూమి పోయిన ఇంటి కుర్రాడికి ఎలక్ట్రీషియన్ శిక్షణ దొరకడం మేలే. కానీ దాన్ని దానం అనాలా, భూమికి చెల్లించాల్సిన ధరలో ఆలస్యంగా అందిన భాగం అనాలా? ఈ వ్యాసకర్తకు రెండో మాటే దగ్గరగా అనిపిస్తుంది.

ఈ ప్రశ్న ఇప్పుడు రావు సొంతూరి దగ్గరికే వచ్చింది. భోగాపురం విమానాశ్రయ నిర్మాణానికి 2020 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో జీఎంఆర్ ఒప్పందం కుదుర్చుకుంది. 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. విస్తీర్ణం సుమారు 2,200 ఎకరాలు. భూసేకరణపై అక్కడి పల్లెల్లో నిరసనలు జరిగాయి, కేసులు నడిచాయి, కొన్ని కుటుంబాలు పునరావాస కాలనీలకు మారాయి. రాజాం, భోగాపురం ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయి.