చెన్నపురి స్వదేశీయ సంఘము - 1852 నాటి విజ్ఞాపనము

ప్రజలు పాలకులకు మొరపెట్టుకొనుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన ఆచారము. పాలకులను లెక్క యడుగుట అంత ప్రాచీనము కాదు. ఈ రెంటికిని గల భేదము పైకి స్వల్పముగ గన్పట్టినను స్వభావమున చాల పెద్దది. మొరపెట్టువాడు తన కష్టమును చెప్పి దయను కోరును. లెక్క యడుగువాడు తాను చెల్లించిన సొమ్ము ఏమయ్యెనని ప్రశ్నించును. అట్లు ప్రశ్నించుట తన హక్కని తలచును. మొదటిదానికి పాలకుని మంచితనము చాలును. రెండవదానికి అంకెలు, సాక్ష్యములు, వానిని విని తీర్పు చెప్పగల మరియొక సభ కావలెను. దక్షిణదేశమున మొదటి స్థితినుండి రెండవ స్థితికి జరిగిన మార్పును తెలియగోరువారు 1852వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి ఇంగ్లండు పార్లమెంటునకు పంపబడిన విజ్ఞాపనమును తప్పక పరిశీలింపవలెను. దానికి ముఖ్యకారకుడు తెలుగు వర్తకుడైన గాజుల లక్ష్మీనరసు సెట్టి.

లక్ష్మీనరసు సెట్టి 1806లో చెన్నపట్టణమున జన్మించెను. తండ్రి సిద్ధులు సెట్టి నీలిమందు వర్తకుడు. కుమారుడు ఆ వ్యాపారమును వృద్ధి పొందించి ధనవంతుడయ్యెను. ఆ కాలమున చెన్నపట్టణము తెలుగువారికిని అరవవారికిని ఉమ్మడి రాజధాని. గంజాము మొదలుకొని తిరునల్వేలి వరకు గల జిల్లాల శిస్తు ఆ నగరమునకే చేరుచుండెను. ఆ జిల్లాల యర్జీలును అచటికే పోవుచుండెను. శిస్తు చేరినంత సులభముగ అర్జీలు ఫలించుట లేదు. 1844లో లక్ష్మీనరసు సెట్టి 'క్రెసెంటు' అను ఇంగ్లీషు పత్రికను స్థాపించి, ఎడ్వర్డు హార్లీ యను నతనిని సంపాదకునిగ నియమించెను. ట్వీడేల్ ప్రభువు గవర్నరుగ నున్న ఆ రోజులలో సర్కారు ఉద్యోగులు కొందరు మిషనరీలకు తోడ్పడుచున్నారను ఆందోళనము పట్టణమున ప్రబలియుండెను. పత్రిక ఆ ఆందోళనమునుండి పుట్టినదే యైనను, కొలదికాలములోనే దాని దృష్టి మతవిషయములను దాటి శిస్తులమీదికిని, న్యాయస్థానములమీదికిని, ఊరి బాటలమీదికిని ప్రసరించెను.

ఈ ప్రసారమునకు తగిన సమయము 1852లో తటస్థించినది. ఈస్టిండియా కంపెనీకి రాజ్యాధికార మిచ్చు శాసనమును పార్లమెంటు ఇరువదేండ్ల కొకసారి పునర్విచారణ చేయుచుండెను. 1793, 1813, 1833 సంవత్సరములలో అట్టి విచారణ జరిగినది. 1833 నాటి గడువు 1854 ఏప్రిలుతో ముగియవలసియుండెను. అనగా ఇన్ని కోట్ల ప్రజల పాలనను గూర్చి సమగ్రముగ ప్రశ్నించుటకు ఇరువదేండ్లలో ఒక్క పర్యాయము మాత్రమే తలుపు తెరువబడుచుండెను. ఆ తలుపును మునుపు తట్టినవారు వర్తకులు, మిషనరీలు, కంపెనీ ఉద్యోగులు. వారిలో హెచ్చుమంది ఇంగ్లండు దేశీయులు. 1852లో భారతీయులు సంఘములుగ నేర్పడి తట్టిరి. కలకత్తాలో 1851 అక్టోబరున బ్రిటిషిండియను అసోసియేషను వెలసినది. దానికి శాఖగ 1852 ఫిబ్రవరిలో చెన్నపట్టణమున నొక సంఘమేర్పడి, అభిప్రాయభేదములచే కొన్ని నెలలలోనే వేరుపడి, మద్రాసు స్వదేశీయ సంఘమను పేర స్వతంత్రించెను. ఆ యేడు ఆగస్టున బొంబాయిలోను సంఘము స్థాపింపబడినది.

చెన్నపురి సంఘపు విజ్ఞాపనమునకు ఒక ప్రత్యేకత కలదు. అది భారతీయులకు పెద్ద ఉద్యోగములు కావలెనను కోరికతో ఆరంభము కాలేదు. రైతు చెల్లించు పన్నుతో ఆరంభమైనది. రైతువారీ విధానమున శిస్తు దుర్భరముగ నున్నదనియు, నేతగాండ్రు మొదలైన చేతిపనివారిపై మొతుర్ఫా పన్ను పడుచున్నదనియు, ఉప్పు సర్కారు సొత్తుగ నుండుటచే పేదవాని కూటికి చేటు కలుగుచున్నదనియు, న్యాయస్థానములలో ఖర్చును కాలహరణమును మితిమీరినవనియు సంఘమువారు వ్రాసిరి. వీనితోపాటు మరియొక ప్రశ్న వైచిరి. ఇంత వసూలు చేసిన ప్రభుత్వము బాటలకు, వంతెనలకు, చెరువులకు, పాఠశాలలకు వెచ్చించిన దెంత?

ఈ ప్రశ్న ఊరక వేసినది కాదు. తెలుగు జిల్లాల స్థితియే దానికి సాక్ష్యము. 1832-33 సంవత్సరములలో వచ్చిన కరవున గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనములో రెండు లక్షలవరకు నశించిరని అంచనా. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7,38,308గా నుండిన జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగెను. నిండు గోదావరి యొడ్డున నిట్టి క్షయము సంభవించినది. ఆర్థరు కాటను వాదించిన పిమ్మట 1846లో ఆనకట్టకు అనుమతి లభించెను; 1847లో పని మొదలై 1852లో ముగిసెను. విజ్ఞాపనము వ్రాయబడిన సంవత్సరముననే ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియగుట విశేషము. నీటిపనులకు వెచ్చించిన సొమ్ము నష్టము కాదని కంటి కగపడునట్లు చూపిన యుదాహరణ మదియే. కాని అది యొక్క యింజనీరు పట్టుదలవలన సిద్ధించిన పని; ప్రభుత్వపు నిత్యనియమము కాదు. 1834 మొదలు 1848 వరకు పదునాలుగేండ్లలో కంపెనీ తన రాజ్యమంతటను నిర్మాణములకు వ్యయించిన ధనముకంటె మాంచెస్టరు నగరమొక్కటే తన నీటి సరఫరాకు వ్యయించినది హెచ్చని జాన్ బ్రైటు 1858లో కామన్సు సభలో చెప్పెను.

విద్యావిషయమునను ఇట్లే జరిగినది. 1813 నాటి శాసనము విద్యకై ఏటికి లక్షరూపాయలకు తక్కువ గాకుండ కేటాయింపుమని విధించెను. పదేండ్లవరకు ఆ విధి చాలవరకు కాగితముమీదనే నిలిచినది. శాసనమున సొమ్ము కనబడుటయు, ఊరిలో బడి కనబడుటయు వేర్వేరు విషయములని సంఘమువారు గ్రహించిరి. నేటి పరిభాషలో చెప్పవలెనన్న, కేటాయింపును వ్యయమును వేరుచేసి చూచు దృష్టి వారికి కలిగినది.

విజ్ఞాపనము నందలి ఆరోపణములలో నెల్ల తీవ్రమైనది శిస్తు వసూలుకై రైతులను హింసించుచున్నారనునది. దీని మూలమును తెలియుటకు జమాబందీ విధానమును జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. శిస్తు రేటు రైతు చెల్లింపలేనంత హెచ్చుగ నుండెను. కావున ప్రతి సంవత్సరమును పంటను చూచి కొంత తగ్గించుట ఆచారమయ్యెను. తగ్గింపు హక్కు కాదు, అనుగ్రహము. ఆ యనుగ్రహము జీతము చాలని చిన్న ఉద్యోగుల వ్రాతపై ఆధారపడియుండెను. అందువలన లంచమునకు చోటు కలిగెను. లంచ మియ్యనివానిపై బలప్రయోగమునకును చోటు కలిగెను. 1816 నాటి నిబంధనలచే పోలీసు అధికారమును కలెక్టరుకును తహసీలుదారునకును సంక్రమించియుండెను. శిస్తుకై కొట్టించువాడును, కొట్టినారని ఫిర్యాదు వినవలసినవాడును ఒక్కడే యైనపుడు రైతు ఎవరితో చెప్పుకొనగలడు?

పార్లమెంటు 1853లో నూతన శాసనమును చేసి కంపెనీ పాలనను కొనసాగించెను. ఈసారి ఇరువదేండ్ల గడువు విధింపలేదు. సంఘము కోరిక ఆ మేరకు విఫలమైనది. కాని లక్ష్మీనరసు సెట్టి అంతటితో విరమింపలేదు. ఇంగ్లండులో నేర్పడిన ఇండియా సంస్కరణ సంఘమునకు అధ్యక్షుడైన డాన్బీ సీమరు అను పార్లమెంటు సభ్యుడు 1853లో చెన్నపట్టణమునకు రాగా, సెట్టి ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పి రైతుల నోటనే వారి కథలను వినిపించెను. 1854 జూలైలో కామన్సు సభయందు ఈ విషయము చర్చకు వచ్చినది. ప్రభుత్వపక్షమువారు ఆరోపణమును నమ్మజాలమనిరి. ఐనను విచారణను తప్పించుకొనలేకపోయిరి. ఆ సంవత్సరముననే ఎలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురతో చెన్నపట్టణమున విచారణసంఘము నియమింపబడెను.

ఆ సంఘమునకు చేరిన ఫిర్యాదులు 1,959. దూరపు జిల్లాలనుండి కాలినడకను వచ్చి స్వయముగ చెప్పుకొన్నవారును కలరు. వేళ్లను చెక్కల నడుమ బిగించు కిట్టియు, మెడను కాళ్లకు వంచి కట్టి యెండలో నిలుపుటయు సాధారణములైన హింసలని 1855 ఏప్రిలు నాటి నివేదికలో వ్రాయబడినది. శిస్తు వసూలునందు హింస కలదని ప్రభుత్వము నియమించినవారే అంగీకరించిరి. పార్లమెంటున నమ్మదగనిదని త్రోసివేయబడిన మాట ఏడాది తిరుగకమున్నే ప్రభుత్వపు ముద్రతో అచ్చుపడెను.

ఇచట రెండంశములు గమనింపదగియున్నవి. మొదటిది: ఈ ఫిర్యాదులు నూతనముగ పుట్టినవి కావు. కచ్చేరి చుట్టును ఏండ్ల తరబడి తిరిగి ఫలింపనివే. తహసీలుదారు చేతినుండి వేరైన యొక స్థానము మూడునెలలు తెరువబడగనే అవి వెల్లువగ వచ్చిపడెను. ఫిర్యాదులు లేకుండుట సుపరిపాలనకు గుర్తు కాదనియు, వినువాడు లేడనుటకు గుర్తు కావచ్చుననియు దీనివలన తేలుచున్నది.

రెండవది: విచారణసంఘము తప్పును క్రిందియుద్యోగులపై మోపి, యూరోపియను అధికారులు హింసను ప్రోత్సహింపలేదని నిర్ణయించెను. అధికారులు కిట్టిని స్వయముగ బిగింపలేదనుట నిజమే కావచ్చును. కాని శిస్తు రేటును నిర్ణయించినవారు, జీతములను కురచచేసినవారు, పోలీసును శిస్తుతో జోడించినవారు క్రిందియుద్యోగులు కారు. బంట్రోతును దండించి పద్ధతిని విడిచిపెట్టుట సగము లెక్క. పద్ధతినిగూర్చి మాటాడినది స్వదేశీయ సంఘపు విజ్ఞాపనమే గాని ప్రభుత్వ నివేదిక కాదు. ఈ వ్యత్యాసమును గుర్తింపక నివేదికను మాత్రమే చదివిన చరిత్రకారునకు విషయము సగమే బోధపడును.

ఐనను ఫలితములు శూన్యములు కావు. 1859లో మద్రాసు పోలీసు శాసనము పోలీసును శిస్తు ఉద్యోగమునుండి వేరుచేసెను. నిర్మాణములను సైనిక బోర్డునుండి తప్పించి ప్రత్యేకశాఖకు అప్పగించుటయు ఈ దశాబ్దముననే జరిగెను. కంపెనీ పాలన 1858లో అంతరించినది. భారతదేశపు ఆదాయవ్యయముల లెక్కను ఏటేట పార్లమెంటు ముందుంచవలెనని ఆనాటి శాసనము విధించెను. ఇరువదేండ్ల ప్రశ్న ఏటేటి ప్రశ్న యయ్యెను. కాని లెక్క చూపబడినది లండనులో. పన్ను చెల్లించినవాడు నెల్లూరునందో, కాకినాడయందో యుండెను. ఈ దూరమును తగ్గించుటకే తరువాతి తరములవారు పాటుపడిరి. ఈ ఫలితములన్నియు ఒక్క సంఘపు కృషివలననే కలిగినవనుట అతిశయోక్తి. కలకత్తా, బొంబాయి సంఘముల యొత్తిడియు, 1857 నాటి విప్లవమును కారణములే.

సంఘపు లోపములను మరుగుపరుపవలసిన పని లేదు. అందలి ప్రముఖులు పట్టణవర్తకులు, భూస్వాములు. రైతుల పక్షమున వారు పలికిరి గాని రైతులను సంఘమున చేర్చుకొనలేదు. వారి కోరిక స్వరాజ్యము కాదు. ఇంగ్లండు ప్రభుత్వము నేరుగ పాలింపవలెనను వరకే వారు పోయిరి. 1860 తరువాత సంఘము క్షీణించినది. లక్ష్మీనరసు సెట్టి 1863లో మద్రాసు శాసనసభకు నియమింపబడినను, ఆనాటి సభలో సభ్యునకు ప్రభుత్వమును ప్రశ్నించు అధికారమే లేదు. ప్రజాకార్యములకు ధనమును వెచ్చించిన ఆయన 1868లో పేదరికమున మరణించెను.

ఆయన కోరిన అధికారము అంచెలంచెలుగ వచ్చినది. 1892 నాటి శాసనము సభ్యులకు ప్రశ్నలు వేయుటకును, బడ్జెటును చర్చించుటకును అవకాశ మిచ్చెను. ఓటు మాత్ర మియ్యలేదు. 1919 నాటి సంస్కరణములచే వ్యయములో కొంతభాగము ఓటునకు లోబడెను. స్వతంత్ర భారత రాజ్యాంగము 148 మొదలు 151 వరకు గల అధికరణములలో కంప్ట్రోలరు మరియు ఆడిటరు జనరలు పదవిని ప్రతిష్ఠించి, ఆయన నివేదికలు పార్లమెంటునకును శాసనసభలకును చేరవలెనని విధించెను. 2005లో సమాచారహక్కు శాసనము వచ్చినది. గ్రామీణ ఉపాధి హామీ పనుల లెక్కలను ఊరివారి యెదుట చదివి, కూలి ముట్టినదా లేదా యని పేరుపేరున విచారించు సామాజిక తనిఖీని 2006 మొదలుకొని ఆంధ్రప్రదేశమున విస్తృతముగ నిర్వహించిరి. లండనున చదువబడిన లెక్క కట్టకడపట రచ్చబండకు వచ్చినది.

రచ్చబండపై చదువబడినను 1855 నాటి ప్రశ్న యింకను మిగిలియే యున్నది: తప్పు తేలిన పిదప దండన ఎంతవరకు పైకి పోవును? మస్టరు వ్రాసినవానితో నిలిచిపోవునా, పద్ధతిని నిర్మించినవానివరకు చేరునా? ఈ ప్రశ్నకు చరిత్ర సమాధానము చెప్పదు. ప్రశ్న ప్రాచీనమైనదని మాత్రము చెప్పును.

తెలుగు పరిశోధకులకు ఇందు మరియొక కర్తవ్యము కలదు. విజ్ఞాపనమును, విచారణ నివేదికయును ఇంగ్లీషున వెలువడినవి. అందు సాక్ష్య మిచ్చిన రైతులు తెలుగునను అరవమునను పలికినవారు. మన పల్లెలలో 'లెక్క' యనునది చిరకాలము రైతుమీద కరణము వ్రాసెడిది. అదే మాటను ప్రభుత్వముమీద ప్రజలు ప్రయోగింప మొదలిడినది ఎన్నడు? అర్జీలలో వేడుకోలు తగ్గి ప్రశ్న హెచ్చినది ఎప్పుడు? పందొమ్మిదవ శతాబ్దపు తెలుగు అర్జీలను, మహజరులను, పత్రికల లేఖలను వరుసగ చదివినగాని ఇది తేలదు. రాజకీయ చరిత్రకు ఉపకరించు ఈ పని భాషాచరిత్రకును చెందినది; కావున తెలుగుశాఖలు చేపట్టదగినది.