పేరు చెక్కిన గ్లాసు

ఖల్లికోట బ్రాంచికి బదిలీ అయినప్పుడు పెట్టెలో ముందుగా సర్దుకున్నవి రెండు: కాఫీ ఫిల్టరు, మా తాతగారి ఇత్తడి గ్లాసు. ఆ ఊళ్లో పొద్దున్నే దొరికేది టీ. మంచి టీయే, అల్లం దంచి వేస్తారు. కాని లేచిన గంటవరకూ నాకు బుర్ర పనిచెయ్యదు. ఆ గంట గడవాలంటే కాఫీ కావాలి, అదీ ఆ గ్లాసులోనే కావాలి. అంచు కింద చుక్కలు చుక్కలుగా తాతగారి పేరు చెక్కించి ఉంది, తెలుగులో.

ఒకరోజు మా ఒడియా సహోద్యోగి ఒకాయన దాన్ని తిప్పి చూసి, "తరతరాలుగా బరంపురం వారంటారే, మరి పేరు తెలుగులో ఎందుకు?" అన్నారు. జవాబు కోసం 1936కి వెళ్లాల్సి వచ్చింది.

ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అంతవరకూ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. బరంపురం, ఛత్రపురం, ఖల్లికోట ఒరిస్సాకి వచ్చాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసులోనే ఉండిపోయాయి. ఒడియా మాట్లాడేవారంతా ఒకచోటికి రావాలన్నది న్యాయమైన కోరికే. 1903లో ఉత్కళ సమ్మిళని మొదటి సభ జరిగిన నాటినుంచీ నడిచిన ఉద్యమం అది. ఖల్లికోట రాజులూ దానికి అండగా నిలిచారు. తాతగారు మాత్రం అదే ఇంటి అరుగుమీద కూర్చుని, అదే గ్లాసులో కాఫీ తాగుతూ, రాష్ట్రం మారారు.

కాఫీ చరిత్రలో కూడా 1936 ముఖ్యమైన ఏడే. కామర్సు చదివినవాణ్ణి కాబట్టి నా చూపు అటు పోతుంది. ప్రపంచమంతా ఆర్థికమాంద్యం, కాఫీ ధర పడిపోయింది. తోటల వాళ్లని ఆదుకోవడానికి 1935లో సెస్సు చట్టం చేశారు. ఆ సెస్సు కమిటీయే మన దేశంలో కాఫీ తాగేవాళ్లని పెంచాలని 1936లో బొంబాయిలో మొదటి ఇండియా కాఫీ హౌస్ తెరిచింది. తరవాత యుద్ధం వచ్చి ఐరోపా బజారు మూతపడింది. 1942 చట్టంతో కాఫీ బోర్డు పంటనంతా ఒకచోట చేర్చి అమ్మే పద్ధతి వచ్చి, 1996 దాకా ఏదో ఒక రూపంలో సాగింది. మన పొద్దుటి అలవాటు వెనక అమ్ముడుపోని బస్తాలు కూడా ఉన్నాయన్నమాట!

దక్షిణాదిన అలవాటు అంతకు ముందే మొదలైంది. తమిళనాట పందొమ్మిదో శతాబ్దం చివరికే మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చింది. మా ఇంట్లో మాత్రం నాయనమ్మ అత్తగారి కాలం దాకా పొద్దున్నే తరవాణీ, చద్దన్నమే. కాఫీ వచ్చాక కూడా ఆవిడ గడప దాటి లోపలికి రానివ్వలేదట. మగవాళ్లు అరుగుమీదే తాగాలి.

నిద్రమత్తు తెచ్చే అడినోసిన్ మెదడులో కూర్చోవలసిన చోట కెఫీన్ ముందుగా వెళ్లి కూర్చుంటుందట, జనరల్ బోగీలో తువ్వాలు వేసి సీటు పట్టినట్టు. నా విషయంలో సగం పని ఆ గ్లాసే చేస్తుంది. ఇత్తడి చురుక్కుమంటుంది, తువ్వాలు కొంగుతో పట్టుకోవాలి. అప్పటికే కళ్లు సగం తెరుచుకుంటాయి. లోపల కళాయి పోతే వేసేవాడి కోసం బరంపురమంతా తిరగాలి.

1936లో మనతోపాటే మద్రాసునుంచి ఒరిస్సాకి వచ్చిన కోరాపుట్ కొండల్లో ఇప్పుడు కాఫీ పండుతోంది. ఆ పొడి ఒక పొట్లం తెచ్చి ఆ సహోద్యోగికి కలిపి ఇచ్చాను. "మా రాష్ట్రం కాఫీయా!" అని ఆశ్చర్యపోయారు. "మన రాష్ట్రం" అన్నాను. ఆయన నవ్వి, రెండో గ్లాసు అడిగారు.

నా బెంగంతా మా అమ్మాయి గురించే. ఒడియా, ఇంగ్లీషు చదువుకుంది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. పింగాణీ కప్పు కొనుక్కుంది, దానిమీద తన పేరు ఇంగ్లీషులో ఉంది. మొన్న దసరాకి వచ్చినప్పుడు తాతగారి గ్లాసు తనకి కావాలంది. ఇస్తాను, దానిమీద ఏముందో చదివితే ఇస్తాను, అన్నాను. ఆరు అక్షరాలున్నాయి. వేలితో చుక్కలు తడుముతూ నాలుగు చదివింది. ఒత్తు దగ్గర ఆగిపోయింది.