సగం కట్టిన కాలనీలో ఇల్లు: లెవిట్ నుంచి హిల్ కౌంటీ దాకా

మొన్న శనివారం మళ్ళీ ఆ టౌన్‌హోమ్ చూడ్డానికి వెళ్ళాం. ఇది మూడోసారి. నార్త్ కరోలినాలో మా ఆఫీసుకి పాతిక నిమిషాల దూరం, స్కూలు బావుంది, వంటగది మా ఆవిడకి నచ్చింది. ప్లాన్‌లో మొత్తం 64 ఇళ్ళు. కట్టినవి 22. మిగతా చోటంతా ఎర్రమట్టి, మోకాలెత్తు గడ్డి, ఆ గడ్డిలోంచి జానెడు పైకి పొడుచుకొచ్చిన మ్యాన్‌హోల్ మూతలు. రోడ్డు మీద చివరి పొర తారు ఇంకా వెయ్యలేదు. "స్విమ్మింగ్ పూల్ ఇక్కడ వస్తుంది" అని సేల్స్ అమ్మాయి చూపించిన చోట ఒక బోర్డు ఉంది. మూడు నెలల క్రితమూ అదే బోర్డు. ధర మాత్రం పక్క కాలనీ కన్నా పది శాతం తక్కువ.

"ఎవరైనా పది శాతం ఊరికే తగ్గిస్తారా అండీ?" అంది మా ఆవిడ. నాకూ అదే అనుమానం. ఉన్న సేవింగ్స్ అంతా డౌన్ పేమెంట్‌కి పోతుంది, గ్రీన్ కార్డు ఇంకా లైన్లోనే ఉంది, తేడా వస్తే ఆగి చూసే ఓపిక మనకి లేదు. పాత బగ్గులు తవ్వడం ఎలాగూ మన వృత్తే కాబట్టి, ఇలాంటి సగం కాలనీలు ఇదివరకు ఏమయ్యాయో ఓ వారం కూర్చుని చదివాను. చదివిందంతా ఇక్కడ పెడుతున్నా, మీలో ఎవరికైనా ఇదే సందిగ్ధం ఉంటే పనికొస్తుందని.

మొదట ఫ్లోరిడా. 1920ల్లో అక్కడ స్థలాల పిచ్చి ఎంత ముదిరిందో చాలామందికి తెలిసే ఉంటుంది. మయామీ పక్కన జార్జ్ మెరిక్ అనే ఆయన కోరల్ గేబుల్స్ అని ఒక ఊరే కట్టడం మొదలెట్టాడు. 1925లో అది మునిసిపాలిటీ కూడా అయింది. అందులో చైనా పల్లె, ఫ్రెంచి పల్లె, ఇటాలియన్ పల్లె అంటూ ఒక్కో దేశం తరహాలో 14 పేటలు వేశారు, కాగితం మీద. 1926 సెప్టెంబరులో పెద్ద తుఫాను వచ్చింది. అప్పటికే అమ్మకాలు పడిపోతున్నాయి. చివరికి లేచినవి ఏడు పేటలు, వాటిలోనూ కొన్ని పదుల ఇళ్ళు. మెరిక్ 160 ఎకరాలిచ్చిన మయామీ యూనివర్సిటీ సంగతైతే మరీను. భవనం పని ఉక్కు చట్రం దగ్గర ఆగిపోతే, ఒక అసంపూర్తి హోటల్లో అట్టలాంటి పల్చటి గోడలు పెట్టుకుని క్లాసులు నడిపారు. ఆ చట్రం 1940ల చివరి దాకా అలాగే నిలబడి ఉంది. పిల్లలు దాన్ని 'అస్థిపంజరం' అనేవాళ్ళట. మెరిక్ ఆస్తంతా పోగొట్టుకుని మయామీ పోస్ట్‌మాస్టర్‌గా పనిచేస్తూ 1942లో పోయాడు.

ఇవాళ కోరల్ గేబుల్స్‌లో ఇల్లు కొనాలంటే మనలాంటి వాళ్ళు దూరం నుంచి దండం పెట్టాల్సిందే. అంటే సగం కాలనీ ఎప్పటికైనా పూర్తవుతుంది, విలువా వస్తుంది అని వాదించొచ్చు. నిజమే. కాకపోతే ఆ 'ఎప్పటికైనా' పాతికేళ్ళు, మన మోర్ట్‌గేజ్ ముప్ఫై ఏళ్ళు!

ఆ దెబ్బ తర్వాత చట్టం కూడా కొంచెం కళ్ళు తెరిచింది. 1928లో అమెరికా వాణిజ్య శాఖ రాష్ట్రాల కోసం ఒక నమూనా ప్లానింగ్ చట్టం ప్రచురించింది. లేఅవుట్‌కి అనుమతి కావాలంటే రోడ్లూ నీళ్ళూ ముందే వెయ్యాలి, లేదా వేస్తానని బాండు కట్టాలి అనే పద్ధతి అందులో ఉంది. ఈ బాండు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

నన్ను బాగా కదిలించింది మాత్రం లెవిట్ కథ. అమెరికన్ సబర్బ్ అంటే లెవిట్‌టౌన్. 1947లో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో బంగాళాదుంప చేలు కొని, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ఇళ్ళు కట్టడం మొదలుపెట్టారు. ఇల్లు కట్టడాన్ని చిన్న చిన్న పనులుగా విడగొట్టి, ఒక్కో బృందానికి ఒక్కో పని ఇచ్చి, ఇల్లు కదలకుండా మనుషుల్ని కదిలించే అసెంబ్లీ లైన్ పెట్టారు. జోరుమీద రోజుకి 30 ఇళ్ళు. 1951కల్లా 17 వేలకి పైగా. 1949లో ఇల్లు 7,990 డాలర్లు. (నల్లవాళ్ళకి అమ్మేవారు కాదు, ఆ మచ్చ ఆ కంపెనీ చరిత్రలో పెద్దదే. మనం వెళ్ళినా అప్పట్లో గుమ్మం బయటే నిలబెట్టేవారేమో.) కంపెనీని నడిపిన విలియం లెవిట్ 1950లో టైమ్ పత్రిక ముఖచిత్రమయ్యాడు.

1968లో ఆయన కంపెనీని ఐటీటీ అనే పెద్ద సంస్థకి 92 మిలియన్ డాలర్లకి అమ్మేశాడు, అదీ ఎక్కువ భాగం షేర్ల రూపంలో. పదేళ్ళ పాటు అమెరికాలో ఇళ్ళు కట్టకూడదని షరతు. ఆ షేర్లు తాకట్టు పెట్టి ఇరాన్‌లోనూ వెనిజులాలోనూ నైజీరియాలోనూ ప్రాజెక్టులు ఎత్తుకున్నాడు. షేరు ధర కుప్పకూలింది. స్టాక్ ఆప్షన్లని ఇంట్లో డబ్బులా లెక్కేసుకునే మనకి ఈ ముక్క బాగా తగుల్తుంది. మళ్ళీ ఫ్లోరిడా వచ్చి ఓర్లాండో దగ్గర మొదలుపెట్టిన కాలనీలు 1980ల్లో మధ్యలో ఆగాయి, అడ్వాన్సులిచ్చినవాళ్ళు ఇళ్ళు రాక నష్టపోయారు. కొన్నవాళ్ళలో చాలామంది ఆ పేరు చూసి కొన్నవాళ్ళే. 1994లో ఆయన చనిపోయేనాటికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

కథ అక్కడితో అవ్వలేదు. చేతులు మారిన లెవిట్ అండ్ సన్స్ అనే కంపెనీ ఫ్లోరిడా, జార్జియా, సౌత్ కరోలినా, టెనెసీల్లో ఇళ్ళు కడుతూనే వచ్చింది. 2007 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది. అదే పేరు, అరవై ఏళ్ళ బ్రాండు! పనులు ఆగిపోయాయి. ఇక్కడ అసలు విషయం చూడండి. అమెరికా దివాలా చట్టంలో ఇల్లు కోసం అడ్వాన్సు ఇచ్చిన మామూలు కొనుగోలుదారుకి కొంత ప్రాధాన్యం ఉంది. ఆ రోజుల్లో దాని పరిమితి మనిషికి 2,425 డాలర్లు. ముప్ఫై వేలు కట్టి, ఆ డబ్బు ఎస్క్రోలో లేకపోతే, మిగతా ఇరవై ఏడు వేల చిల్లరకి మీరూ, పెయింటు సప్లై చేసినవాడూ ఒకే వరసలో నిలబడాలి. ప్రాజెక్టులకి అప్పిచ్చిన బ్యాంకులు మీకన్నా ముందుంటాయి.

అప్పటికే ఇల్లు రిజిస్టరై చేరిపోయినవాళ్ళ సంగతి వేరు. ఇల్లు వాళ్ళదే, ఎవరూ లాక్కోరు. కానీ బిల్డరు పడిపోయిన కాలనీలో జరిగేదేమిటంటే, ఖాళీ ప్లాట్లు బ్యాంకు చేతికి పోతాయి, బ్యాంకు వాటిని అగ్గువకి ఇంకో బిల్డరుకి అమ్ముతుంది. వాడు చవగ్గా కొన్నాడు గనక చవగ్గా కట్టి చవగ్గా అమ్ముతాడు, లేదా మొత్తం అద్దెకిస్తాడు. మీ ఇంటి ధర వాడి ధరతో పోలుస్తారు. 64 ఇళ్ళు పంచుకోవాల్సిన హెచ్‌ఓఏ ఖర్చు ఈలోగా 22 ఇళ్ళ నెత్తిన పడుతుంది. ఐర్లండ్‌లో అయితే 2010లో ప్రభుత్వం లెక్కపెడితే ఇలాంటి అసంపూర్తి కాలనీలు 2,846 తేలాయి. కొన్నిటిని చివరికి కూలగొట్టారు కూడా.

ఇదంతా అమెరికా గోల, మనకేంటి అనుకోకండి. హైదరాబాదులో బాచుపల్లి హిల్ కౌంటీ గుర్తుందా? మేటాస్ ప్రాపర్టీస్ కట్టింది. సత్యం పేరు తిరగేస్తే మేటాస్, రెండూ రాజు గారి కుటుంబానివే. విల్లాలు, అపార్ట్‌మెంట్లు, గేటెడ్ కమ్యూనిటీ. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు రెండు మేటాస్ కంపెనీల్నీ 1.6 బిలియన్ డాలర్లకి కొంటామని ప్రకటించి, షేర్‌హోల్డర్లు తిరగబడేసరికి కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకుంది. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం. ఆ రోజు ఏ ఆఫీసులో ఏ టేబుల్ దగ్గరున్నామో మన తరం ఐటీ వాళ్ళందరికీ గుర్తే. ఆ వార్తల్లో ఉద్యోగాల గురించి, షేర్ల గురించి మాట్లాడుకున్నంతగా సగం కట్టిన ఇళ్ళ గురించి మాట్లాడుకోలేదు. అక్కడ కొన్నవాళ్ళకి ఇటు అద్దె, అటు ఈఎంఐ. గోడలు లేచాయి, తలుపుల్లేవు.

వాళ్ళు సంఘంగా ఏర్పడి కంపెనీ లా బోర్డు దాకా వెళ్ళారు. 2011లో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ ఆ కంపెనీని చేతిలోకి తీసుకుంది, పేరు హిల్ కౌంటీ ప్రాపర్టీస్ అయింది, పనులు మళ్ళీ కదిలాయి. హమ్మయ్య అనుకునేలోపు 2018లో ఆ ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ గ్రూపే అప్పులు కట్టలేక చతికిలపడి, దాని బోర్డుని కేంద్రం మార్చాల్సి వచ్చింది. కాపాడడానికి వచ్చినవాడూ మునిగాడన్నమాట. బిల్డరు చరిత్ర ఒక్కటే చూసుకుంటే చాలదని నాకు అర్ధమయింది ఇక్కడే. వాడికి అప్పిచ్చినవాడెవడు, వాడి తల్లి కంపెనీ పరిస్థితేంటి అన్నది కూడా చూడాలి.

మనదేశంలో ఆ తర్వాత కొంత మారింది. 2016 రెరా చట్టం ప్రకారం కొన్నవాళ్ళ డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి, ఇంజినీరు, ఆర్కిటెక్టు, సీఏ సంతకాలు పడితేనే తియ్యాలి. 2018 నుంచి దివాలా చట్టంలో ఇల్లు కొన్నవాళ్ళని కూడా బ్యాంకుల్లాగే ఆర్ధిక రుణదాతలుగా లెక్కిస్తున్నారు. ఈ ఒక్క విషయంలో మన చట్టం అమెరికా కన్నా కొనేవాడి వైపు ఎక్కువ నిలబడిందని నా అభిప్రాయం. అమలు సంగతంటారా, హైదరాబాదులో 'ప్రీలాంచ్ ఆఫర్' అని డబ్బులు కట్టిన మీ బంధువుల్ని అడగండి.

సరే, మా టౌన్‌హోమ్. బాండు గురించి సేల్స్ అమ్మాయిని అడిగితే "అలాంటివి కంపెనీ చూసుకుంటుంది" అని నవ్వింది. గురువారం లంచ్ టైములో టౌన్ ప్లానింగ్ ఆఫీసుకి వెళ్ళా. ఈ ఫైళ్ళు ఎవరడిగినా చూపిస్తారు, ఈ దేశంలో నాకు నచ్చే సంగతుల్లో అదొకటి. బాండు ఉంది. ఇక్కడి చట్టం ప్రకారం మిగిలిన పని అంచనా ఖర్చులో 125 శాతానికి మించి అడగకూడదు, వీళ్ళు దగ్గరదగ్గర అంతే పెట్టారు. గడువు వచ్చే మార్చి, ఒకసారి పొడిగించారు. జాబితా చదివా: రోడ్డు చివరి పొర, మురుగు లైను, వాననీటి చెరువు, ఫుట్‌పాత్. స్విమ్మింగ్ పూల్ లేదు, క్లబ్‌హౌస్ లేదు. కౌంటర్లో పెద్దాయన్ని అడిగితే, అవి మీకూ బిల్డరుకీ మధ్య వ్యవహారం, టౌనుకి సంబంధం లేదన్నాడు. హెచ్‌ఓఏ కాగితాల్లో చూస్తే 75 శాతం ఇళ్ళు అమ్ముడయ్యేదాకా బోర్డు బిల్డరు చేతిలోనే. 64లో 75 శాతం అంటే 48. ఇప్పటికి 22.

ఇంటికొచ్చి మా ఆవిడకి మొత్తం చెప్పా, మెరిక్ దగ్గర్నుంచి. చెట్నీ పోపు వేస్తూ అంతా విని, "అయితే పూల్ రాదనుకుని, పక్కన ఏం కడతారో తెలీదనుకుని లెక్కెయ్యండి. అప్పుడు ఆ ఇంటికి మీరెంతిస్తారు?" అంది. కొత్తది వద్దు, ఆ 22లోనే మూడేళ్ళ క్రితం కొనుక్కున్న ఒకాయన ఇల్లు అమ్ముతున్నాడు, అయిపోయిన వరసలో మధ్య ఇల్లు. అక్కడైతే బిల్డరుకి అడ్వాన్సు ఇచ్చే బాధ లేదు. అడిగినదానికన్నా పద్నాలుగు శాతం తక్కువకి నిన్న రాత్రి ఆఫర్ పెట్టాం. ఇంకా జవాబు రాలేదు.