నూనె ఎందుకు గడ్డకడుతుంది? లిపిడ్ల నిర్మాణం, గుణాలు

చలికాలంలో సీసాలోని కొబ్బరినూనె గడ్డకడుతుంది. పక్కనే ఉన్న పొద్దుతిరుగుడు నూనె మాత్రం ద్రవంగానే ఉంటుంది. రెండూ లిపిడ్లే. నీటిలో కరగకపోవడం ఈ పదార్థాల ఉమ్మడి లక్షణం. జీవకణాన్ని చుట్టి ఉండే పొర కూడా ప్రధానంగా రెండు వరుసల ఫాస్ఫోలిపిడ్లతో ఏర్పడినదే; కనుక కొవ్వును కేవలం శత్రువుగా చూడటం పొరపాటు.

వంటనూనెలో అధికభాగం ట్రైగ్లిజరైడ్లు. ఒక గ్లిసరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు కలిసి ఉంటాయి. ఆమ్లపు కార్బన్ గొలుసులో ద్విబంధాలు లేకపోతే అది సంతృప్త ఆమ్లం. అటువంటి గొలుసులు తిన్నగా ఉండి, ఒకదానిపక్కన ఒకటి ఒత్తుగా చేరతాయి. కొబ్బరినూనెలో ఇవే ఎక్కువ. సుమారు 24 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన అది గడ్డకట్టేది అందుకే. అసంతృప్త ఆమ్లాల్లో సాధారణంగా ద్విబంధం ఉన్నచోట గొలుసు వంగుతుంది. ఆ వంపు వల్ల అణువులు దగ్గరగా సర్దుకోలేవు.

వనస్పతి తయారీలో ఈ వంపునే సరిచేశారు. నికెల్ ఉత్ప్రేరకంతో నూనెలోకి హైడ్రోజన్ పంపితే కొన్ని ద్విబంధాలు తొలగుతాయి; మిగిలినవాటిలో కొన్ని రూపుమారి ట్రాన్స్ కొవ్వులవుతాయి. 1937లో వచ్చిన డాల్డా పేరు చాలా ఇళ్లలో వనస్పతికి మారుపేరైంది. నేతికన్నా చవక, త్వరగా పాడుకాదు. మూల్యం గుండె చెల్లించింది: ట్రాన్స్ కొవ్వు చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. నూనెలు, కొవ్వుల్లో దీని పరిమితిని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి కుదించింది. పాలు, నెయ్యిలో సహజంగా ఉండే కొద్దిపాటి ట్రాన్స్ కొవ్వు పశువుల కడుపులోని సూక్ష్మజీవుల వల్ల ఏర్పడుతుంది.