మహమ్మారి

2020లో కరోనా వచ్చినప్పుడు మన పత్రికలన్నీ ‘మహమ్మారి’ అని రాశాయి. కాని ఆ మాట మన వంటిళ్ళకి కొత్తదేం కాదు. గయ్యాళి కోడల్ని ‘మహమ్మారి దాపురించింది’ అనేవారు కదూ!

సంస్కృతంలో అది ‘మహామారి’. ‘మృ’ ధాతువులోంచి వచ్చిన మారి అంటే చంపేది. ఇంగ్లీషు వాళ్ళ ‘ఎపిడెమిక్’ గ్రీకు నుంచి వచ్చింది. దాని మూలంలో ఉన్నది జనం. మన మాటలో ఉన్నది చావు. పైగా ఆడది.

ఆడదే కాదు, దేవత కూడాను. దేవీ మాహాత్మ్యంలో మహామారి అమ్మవారి రూపమే. మహామారి తెచ్చే పీడల్ని చల్లార్చేదీ ఆవిడే. మన దేశంలో 1975తో ఆఖరైన మశూచిని అంతకుముందు రోగమనడానికి కూడా భయపడి, ‘అమ్మవారు పోసింది’ అని గుమ్మానికి వేపమండలు కట్టేవారు. తెలంగాణలో ‘గత్తర’ అనే కలరా పేరు మాత్రం పాపం, తిట్టయి కూచుంది.

జబ్బునేమో తల్లీ అని బతిమాలుకున్నారు. ఇంట్లో మనిషిని మహమ్మారి అన్నారు. కొత్త కోడలు కాలుపెట్టిన ఏడే ఆ ఇంట ఎవరైనా పోయారా, ఇక చెప్పక్కర్లేదు. అదే ఏడు ఆ ఇంటికి అల్లుడూ వచ్చి ఉండొచ్చు. అతన్ని మహమ్మారి అనగా నేనైతే వినలేదు.