మరమగ్గాల నగరంలో వేగంగా అయ్యే పోషకాహారం: సూరత్ తెలుగు ఇళ్లకు అనువైన చిరుతిళ్లు, సులభమైన వంటలు

సూరత్ దక్షిణ భాగంలోని వడోద్, పాండేసరా, ఉధనా, లింబాయత్ ప్రాంతాలు శ్రామికుల నివాసాలు. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అనేకం ఈ నగరంలో మరమగ్గాలపై ఆధారపడి జీవిస్తున్నాయి. మగ్గాల షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టు సర్వసాధారణం. కూలి చాలాచోట్ల నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. స్త్రీలలో పలువురు ఇంటివద్దనే చీరలకు లేసు కుట్టడం, దారాలు కత్తిరించడం వంటి పనులను ముక్కల లెక్కన చేస్తారు. ఇటువంటి ఇళ్లలో వంటకు దొరికే సమయం స్వల్పం. ఆ లోటును ఎక్కువగా పూరించేవి టీతో పాటు ఖారీ, నాన్‌ఖటాయ్, సేవ్, చేవ్డా పొట్లాలు. మైదా, నూనె, ఉప్పు, చక్కెర తప్ప వీటిలో శరీరానికి దక్కేది తక్కువ.

దీని పర్యవసానం చిన్నది కాదు. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గుజరాత్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 65 శాతం మంది, ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలలో 79.7 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. తెలంగాణలో ఈ సంఖ్యలు వరుసగా 57.6, 70 శాతం. అంటే స్వస్థలంలోనూ, వలస వచ్చిన చోటా సమస్య ఒకటే. రక్తహీనతకు కారణాలు అనేకం ఉన్నా, ఆహారంలో ఇనుము, మాంసకృత్తుల కొరత వాటిలో ముఖ్యమైనది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రెండు వేల కేలరీల దినభోజనంలో తృణధాన్యాలు, చిరుధాన్యాలు 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలని సూచించాయి. ఈ లెక్కలో శ్రామికుల పళ్లెంలో వెలితిగా ఉండేది సాధారణంగా పప్పులు, కూరగాయల భాగమే. కాబట్టి చిరుతిండి కేవలం ఆకలి తీర్చేదిగా కాక ఈ వెలితిని పూడ్చేదిగా ఉండాలి. అందుకు కొత్త వంటకాలను వెతకనవసరం లేదు. తెలంగాణ ఇళ్లలో నాటినుంచీ ఉన్నవి, సూరత్ వీధుల్లో కంటి ముందు ఉన్నవి చాలు. వేగం వంట చేసే క్షణంలో రాదు, ముందురోజు రాత్రి నానబెట్టిన గింజలో, వారానికొకసారి నింపిన డబ్బాలో ఉంటుంది.

మొదట చెప్పవలసినవి సద్దులు. బతుకమ్మ చివరిరోజున నువ్వులు, పల్లీలు, కొబ్బరి, పెసలతో చేసే ఈ పొడులను ఏడాదికొక్కసారి పండుగకే పరిమితం చేయడం విచారకరం. వేయించి పొట్టు తీసిన పల్లీలు రెండు గ్లాసులు, దోరగా వేయించిన నువ్వులు ఒక గ్లాసు, పుట్నాలు ఒక గ్లాసు తీసుకొని పూర్తిగా చల్లారనిచ్చి, మిక్సీలో ఆగి ఆగి తిప్పి, చివర తురిమిన బెల్లం ఒక గ్లాసు కలిపితే డబ్బా నిండుతుంది. ఆగకుండా తిప్పితే పల్లీల నుంచి నూనె ఊరి పొడి ముద్దకడుతుంది. పల్లీలలో ప్రతి వంద గ్రాములకు సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. నువ్వులు క్యాల్షియానికి పేరుపొందినవి. బడి నుంచి వచ్చిన పిల్లవానికి రెండు చెంచాల సద్ది, ఒక అరటిపండు ఇస్తే పొయ్యి వెలిగించే పనే ఉండదు. అయితే బెల్లంలో ఇనుము ఉందన్న నమ్మకంతో దానిని ఎక్కువ చేయరాదు. పోషకాహారం దృష్టిలో బెల్లం కూడా ప్రధానంగా చక్కెరే.

సూరత్ వానాకాలపు తేమను ఇక్కడ గుర్తుంచుకోవాలి. తేమ తగిలిన పల్లీలకు బూజు పడుతుంది. ఆ బూజు నుంచి పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం కాలేయానికి హాని చేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. వానాకాలంలో వారానికి సరిపడా మాత్రమే చేసుకోవడం, రంగు మారిన గింజలను ఏరి పారవేయడం అవసరం.

రెండవది గుడాలు. రాత్రి పడుకునే ముందు బొబ్బర్లు, శనగలు లేదా పెసలు నానబెట్టి, ఉదయం కుక్కరులో నాలుగు కూతలు రానిస్తే గింజ మెత్తబడుతుంది. నానిన పెసలకు రెండు కూతలే ఎక్కువ. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టి, దించిన తరువాత నిమ్మరసం పిండాలి. నిమ్మలోని విటమిన్ సి గింజలలోని ఇనుమును శరీరం గ్రహించేందుకు తోడ్పడుతుంది. అదే గుడాలతో పాటు టీ తాగితే టీలోని టానిన్లు ఆ ఇనుమును అడ్డుకుంటాయి. భోజనానికి ముందు, తరువాత కనీసం గంటసేపు టీ, కాఫీలకు దూరంగా ఉండాలన్నది జాతీయ పోషకాహార సంస్థ సూచన. టీ మానడం మగ్గం కార్మికుల వల్ల కాకపోవచ్చు, వేళ మార్చుకోవడం సాధ్యమే.

అటుకులు అందరికీ తెలిసినవే. సూరత్ పొరుగున ఉన్న నవ్‌సారీ అటుకుల మిల్లులకు పేరుపొందింది. మందపు అటుకులను కడిగి ఐదు నిమిషాలు ఉంచి, పల్లీలు, బఠానీ, క్యారెట్ తురుము వేసిన పోపులో కలిపితే పది నిమిషాల పని. ఒట్టి అటుకులు పిండిపదార్థమే కనుక పల్లీలను పిడికెడు వేయాలే తప్ప అలంకారానికి నాలుగు గింజలు వేసి ఊరుకోరాదు.

రాత్రి షిఫ్టుకు వెళ్లేవారి డబ్బా విషయం ప్రత్యేకంగా ఆలోచించదగినది. సాయంత్రం ఆరింటికి కట్టిన అన్నాన్ని వేడి, తేమ నిండిన షెడ్డులో అర్ధరాత్రి దాటాక తింటే కడుపు చెడే అవకాశం ఉంది. వండిన అన్నంలో మిగిలే ఒక రకం బ్యాక్టీరియా వెచ్చని వాతావరణంలో త్వరగా పెరుగుతుంది, మళ్లీ వేడి చేసినా అది విడిచిన విషం పోదు. పొడిగా ఉండే తిండి ఇందుకు మేలు. తెలంగాణ సర్వపిండి ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. దీనినే కొన్నిచోట్ల సర్వప్ప, గిన్నప్ప, తపాలచెక్క అంటారు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, కచ్చాపచ్చా దంచిన పల్లీలు, నువ్వులు, కారం, ఉప్పు, కరివేపాకు, సొరకాయ తురుము కలిపి, నూనె రాసిన గిన్నె లోపల అద్ది, వేలితో రంధ్రాలు చేసి, మూతపెట్టి సన్నని సెగపై పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు కాల్చాలి. దీనిలో చిక్కు ఒకటే. మొదటిది తీసిన తరువాత గిన్నె చల్లారేవరకు రెండవది అద్దడం కుదరదు. రెండు గిన్నెలు ఉంటే ఆ నిరీక్షణ తప్పుతుంది. బియ్యప్పిండిలో సగం జొన్నపిండి కలిపినా రుచి చెడదు, పీచు పెరుగుతుంది. మెంతికూర వేసి చేసే గుజరాతీ థేప్లా కూడా మరునాటి వరకు నిలుస్తుంది. మెంతికూర రెండు పిడికిళ్లు పడితేనే అది థేప్లా, లేకుంటే నూనె రొట్టె.

ఆవిరి వంటలలో గుజరాతీలను చూసి నేర్వవలసింది చాలా ఉంది. సొరకాయ తురుము, గోధుమపిండి, శనగపిండి, పెరుగు కలిపి చుట్టలుగా చేసి ఆవిరిపై ఇరవై నిమిషాలు ఉడికించే ముఠియాను రాత్రి చేసి ఉంచుకుంటే (వేసవిలో ఫ్రిజ్ తప్పనిసరి) ఉదయం ముక్కలు కోసి ఆవాలు, నువ్వుల పోపు వేయడమే మిగులుతుంది. సూరత్ ప్రత్యేకమైన లోచో కూడా నానిన శనగపప్పును రుబ్బి ఆవిరిపై ఉడికించినదే. పైన పోసే నూనె, వెన్న, సేవ్‌లను తగ్గించుకుంటే అది చక్కని ఉదయపు ఆహారం. ఇక శీతాకాలంలో నగరమంతా అమ్మే పోంక్ తెలుగువారికి కొత్తది కాదు. పాలకంకి దశలో ఉన్న జొన్నను కాల్చి రాల్చిన ఆ గింజలు మన ఊచబియ్యమే. సేవ్, చక్కెర గుళికలు లేకుండా నిమ్మరసం, మిరియాల పొడితో తింటే పోంక్‌కు మించిన చిరుతిండి ఆ ఋతువులో లేదు.

ఖర్చు విషయానికి వస్తే, జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డు ఉన్నవారు ‘ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు’ విధానంలో సూరత్‌లోనూ తమ వాటా ధాన్యం తీసుకోవచ్చు. ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు ఐదు కిలోల ఈ ధాన్యం 2023 జనవరి నుంచి ఉచితం. అది ధాన్యం వరకే కనుక మిగిలిన డబ్బును పప్పులు, పల్లీలపై వెచ్చించడం సబబు. గుజరాత్ అంగన్‌వాడీలు చిన్నపిల్లలకు బాల్‌శక్తి, గర్భిణులకు, బాలింతలకు మాతృశక్తి, కిశోర బాలికలకు పూర్ణశక్తి పేరిట పోషక పిండి పొట్లాలను ఉచితంగా ఇస్తున్నాయి. పొట్లంలోని పిండిని గోధుమపిండిలో కలిపి రొట్టెలుగా కాల్చవచ్చు, జావగానూ కాచవచ్చు. ఇందుకోసం ఆధార్ కార్డుతో సమీపంలోని అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి.